కర్కుమిన్ జెల్ తయారీ: నీళ్లలో కరగని మందును చర్మంలోకి దించడం

గ్లాసుడు నీళ్లలో చిటికెడు పసుపు వేసి కలిపితే నీళ్లన్నీ పసుప్పచ్చగా మారతాయి. గంట ఆగి చూస్తే పొడంతా అడుగున పేరుకుని ఉంటుంది. అదే చిటికెడు సర్జికల్ స్పిరిట్‌లో వేస్తే కాసేపట్లో ముదురు నారింజ రంగు దిగుతుంది. నీళ్లలో తేలిన రంగు కరిగిన రంగు కాదు. కాళ్లకు రాసుకున్న పసుపు సంగతీ అంతే. రెండు రోజుల దాకా పోదు, కానీ అది చర్మం పైపొరను పట్టుకుని ఉంటుంది. రంగు పట్టినంత మాత్రాన మందు లోపలికి దిగినట్టు కాదు. పసుపుకు రంగునిచ్చే పదార్థమే కర్కుమిన్. దాంతో జెల్ చేసే పనిలో ఈ పసుపు రంగు చాలాచోట్ల మోసం చేస్తుంది, కొన్నిచోట్ల ఏ మిషనూ చెప్పనంత స్పష్టంగా తప్పు ఎక్కడుందో చూపిస్తుంది.

ఇది హైదరాబాద్‌లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకు, చిన్న ఆర్ అండ్ డీ ల్యాబుల్లో ఫార్ములేషన్ పని చేసేవాళ్లకు రాసింది. 100 గ్రాముల ల్యాబ్ బ్యాచ్, 0.25 శాతం కర్కుమిన్, నానోఎమల్షన్‌ను (నీళ్లలో అతి సన్నని నూనె చుక్కలు చెదిరి ఉన్న ద్రవం) కార్బోపాల్ (నీళ్లను చిక్కబరిచే పాలిమర్) జెల్‌లో కలిపే పద్ధతి. బోస్వెలిక్ ఆమ్లాలు, క్వెర్సెటిన్ లాంటి నీళ్లలో కరగని ఇతర మొక్కల పదార్థాలకూ దారి ఇదే. ద్రావకాలు, అంకెలు మాత్రం మళ్లీ తేల్చుకోవాలి.

కరిగించడం సగం పనే

కర్కుమిన్ అణుభారం 368. చర్మం దాటాలంటే 500 లోపు ఉండాలనే లెక్కకు సరిపోతుంది. కొవ్వును ఇష్టపడే గుణం లాగ్ పీలో 3 దగ్గర ఉంటుంది, అదీ ఫర్వాలేదు. అణువు తప్పేమీ లేదు. చిక్కంతా స్ఫటికంతోనే. 183 డిగ్రీల దగ్గర కరిగే గట్టి స్ఫటికం అది. స్ఫటికంగా ఉన్నంతసేపు 10 నుంచి 20 మైక్రాన్ల స్ట్రాటమ్ కార్నియంలోకి (చర్మం పైనుండే అడ్డుపొర) ఒక్క అణువు కూడా పోదు. విడిగా కరిగి ఉన్న అణువులే పోతాయి.

అందుకే అందరూ ట్వీన్ 80 (నూనెను, నీళ్లను కలిపి ఉంచే సర్ఫాక్టెంట్) పోస్తారు. కరగకపోతే ఇంకాస్త పోస్తారు. చివరికి అద్దంలా మెరిసే ద్రావణం వస్తుంది, ఫోటో కూడా బాగుంటుంది. తీరా ఫ్రాంజ్ సెల్‌లో (చర్మం ముక్కలోంచి మందు ఎంత దిగుతుందో కొలిచే గాజు పరికరం) పెడితే చర్మంలోకి దిగేది అంతంతమాత్రం. కిక్కిరిసిన సిటీ బస్సులో నిలబడ్డవాడు స్టాప్ ఎప్పుడొస్తుందా, ఎప్పుడు దిగుదామా అని చూస్తాడు. కిటికీ పక్కన సీటు దొరికినవాడికి ఆ తొందర ఉండదు. మందును చర్మంలోకి తోసేది దాని మొత్తం గాఢత కాదు, ఆ మాధ్యమంలో అది సంతృప్త స్థితికి ఎంత దగ్గరగా ఉందన్నది. దీన్నే థర్మోడైనమిక్ యాక్టివిటీ అంటారు. 0.25 శాతం కర్కుమిన్‌ను అవసరానికి నాలుగింతల సర్ఫాక్టెంట్‌లో కూర్చోబెడితే అది అక్కడే హాయిగా ఉండిపోతుంది.

కాబట్టి గురి ఇలా పెట్టుకోండి. ఫార్ములా ఎంత మందును పట్టగలదో కొలిచి, అందులో 70–80 శాతం మాత్రమే నింపాలి. ఇంతకంటే నింపితే ఫ్రిజ్‌లోనో, చలికాలం రాత్రో స్ఫటికాలు తేలతాయి. తక్కువైతే మందు కదలదు. కింద చెప్పే ప్రతి నిర్ణయమూ ఈ లెక్క మీదే నిలబడుతుంది.

డబ్బా మీద 95 శాతం అంటే

నిజామాబాద్ పసుపు కొమ్ములు తెచ్చి మీరే తీయాలన్న ఆశ మంచిదే కానీ ఈ పనికి వద్దు. మామూలు పసుపులో కర్కుమినాయిడ్లు 2 నుంచి 5 శాతమే ఉంటాయి, మిగతా నూనెలు, రంగులు మీ ద్రావణీయత లెక్కలన్నీ తారుమారు చేస్తాయి. 95 శాతం అని రాసి ఉన్న ఎక్స్‌ట్రాక్ట్ కొనండి. అయితే ఆ 95 శాతమూ కర్కుమిన్ కాదు. మూడు కర్కుమినాయిడ్లు కలిపి 95. అందులో అసలు కర్కుమిన్ సుమారు ముప్పావు వంతు, మిగిలింది డీమిథాక్సీ, బిస్‌డీమిథాక్సీ రూపాలు. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఈ మూడింటినీ కలిపే చూస్తుంది. విడదీసి చూడాలంటే సి18 కాలమ్, ఎసిటోనైట్రైల్, 2 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో హెచ్‌పీఎల్‌సీ వేయాలి. ఫలితం రాసేటప్పుడు ఏది కొలిచారో అదే రాయండి: యూవీతో కొలిస్తే మొత్తం కర్కుమినాయిడ్లు అని.

డబ్బా వచ్చిన రోజే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. శుద్ధ కర్కుమిన్ 1 శాతం ద్రావణానికి ఇథనాల్‌లో 425 నానోమీటర్ల దగ్గర శోషణ 1607 అని ప్రమాణం. అంటే మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల ద్రావణం దాదాపు 0.80 చూపాలి. మిథనాల్‌లోనూ దానికి దగ్గరగానే వస్తుంది. మీకు 0.6 వస్తే సరుకు బాగాలేదు, లేదా తూకం తప్పింది, లేదా స్టాక్ ద్రావణం వెలుగులో ఉండిపోయింది. కాలిబ్రేషన్ గీత 1 నుంచి 6 మైక్రోగ్రాముల మధ్య గీయండి. 10 దాటించి నేరుగా ఉందని చూపించడానికి తంటాలు పడొద్దు, శోషణ 1.5 దాటాక మిషన్‌ను నమ్మలేం.

ఎర్రనీళ్ల పాఠం

పసుపు, సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే. క్షారం తగిలితే కర్కుమిన్ ఎర్రబడటమే కాదు, ఆక్సిజన్‌తో కలిసి చకచకా విరిగిపోతుంది కూడా. 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో అరగంటలో 90 శాతం దాకా పోతుంది. ఆమ్ల పీహెచ్‌లో చాలా నిలకడగా ఉంటుంది. అదృష్టం కొద్దీ చర్మం పీహెచ్ కూడా 5 చుట్టుపక్కలే. కాబట్టి జెల్ పీహెచ్ 5.5 దగ్గర ఆపడం ఇద్దరికీ మంచిది.

రెండో శత్రువు వెలుగు. 425 దగ్గర పీల్చుకుంటుంది కాబట్టి నీలి కాంతే దీనికి చేటు. కిటికీ పక్క బెంచీ మీద పనిచేయకండి. ప్రతి ఫ్లాస్కుకూ అల్యూమినియం ఫాయిల్ చుట్టండి, లేదా గోధుమరంగు గాజు వాడండి. మూడోది ఇనుము. తుప్పు పట్టిన స్పాచులాతో కలిపితే గోధుమరంగు మచ్చలు తేలతాయి, ఎందుకంటే కర్కుమిన్ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. గాజు లేదా 316 స్టీలు మాత్రమే వాడండి.

ఎందులో ఎంత కరుగుతుంది

పరీక్షించాల్సినవి: నూనెల్లో కాప్రియోల్ 90, ఓలియిక్ ఆమ్లం, ఐసోప్రోపైల్ మిరిస్టేట్. సర్ఫాక్టెంట్లలో ట్వీన్ 80, లాబ్రసాల్. కోసర్ఫాక్టెంట్లలో (సర్ఫాక్టెంట్‌కు తోడుగా వేసేవి) ట్రాన్స్‌క్యుటాల్ పీ, పీఈజీ 400. కొబ్బరినూనె, నువ్వులనూనె కూడా పెట్టి చూడండి, తక్కువ కరుగుతుందని మీ కళ్లతో చూస్తే తర్వాత ఎవరైనా అడిగినప్పుడు జవాబు ఉంటుంది.

ఒక్కో వయల్‌లో 2 గ్రాముల ద్రావకం, అడుగున పొడి మిగిలేంత కర్కుమిన్ వేయండి. వోర్టెక్స్ చేసి, మూత బిగించి, ఫాయిల్ చుట్టి, 25 డిగ్రీల షేకర్‌లో 72 గంటలు ఉంచండి. 24 గంటలకే పొడి అంతా మాయమైతే అది సంతృప్తం కాలేదని అర్థం. ఇంకా కర్కుమిన్ వేసి గడియారం మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత 5,000 ఆర్‌పీఎం మీద 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైది తీసి, 0.45 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ ఫిల్టర్‌లోంచి పంపండి. నైలాన్ ఫిల్టర్ వద్దు, కర్కుమిన్‌ను పట్టేసుకుంటుంది. వాడాక ఫిల్టర్ తెల్లగా లేకుండా పసుపెక్కి ఉంటే ఆ అంకెను నమ్మకండి. మందంగా ఉండే ట్వీన్ 80 ఫిల్టర్‌లోంచి దిగదు. దాన్ని సెంట్రిఫ్యూజ్‌తోనే సరిపెట్టి, పైనుంచి 0.1 గ్రాము తూచి తీసి మిథనాల్‌లో పలుచన చేయండి. పైపెట్‌తో కొలవొద్దు, సగం గోడలకే అంటుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ట్రాన్స్‌క్యుటాల్‌లో బ్రహ్మాండంగా కరిగిందని సంబరపడితే నీళ్లు పోశాక ఏడవాల్సి వస్తుంది. అది నీళ్లతో పూర్తిగా కలిసిపోయే ద్రావకం. నీళ్లు చేరగానే నూనె చుక్కను వదిలి నీళ్లలోకి వెళ్లిపోతుంది, దాన్ని నమ్ముకున్న కర్కుమిన్ నడివీధిలో నిలబడి స్ఫటికమవుతుంది. నూనె, ట్వీన్ మాత్రమే చివరిదాకా మోస్తాయి. ట్రాన్స్‌క్యుటాల్ పని కరగడాన్ని త్వరపెట్టడం, చర్మపు కొవ్వులోకి దారి తేలిక చేయడం.

నానోఎమల్షన్

మందు లేకుండా ముందు ఫేజ్ డయాగ్రమ్ (ఏ పాళ్లలో కలిపితే ఏ రూపం వస్తుందో చూపే పటం) గీయాలి. ట్వీన్ 80, ట్రాన్స్‌క్యుటాల్ కలిపిన మిశ్రమాన్ని 1:1, 2:1, 3:1 నిష్పత్తుల్లో చేసుకోండి. ఒక్కోదాన్ని నూనెతో 1:9 నుంచి 9:1 దాకా కలిపి, స్టిర్రర్ మీద చుక్కచుక్కగా నీళ్లు పోస్తూ ఎక్కడ స్పష్టంగా ఉంది, ఎక్కడ పాలలా మారింది, ఎక్కడ గట్టిపడింది రాసుకోండి. ఈ పని ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చేయాలి. మే నెలలో ఏసీ లేని ల్యాబులో గది 38 దాటుతుంది. ట్వీన్ లాంటి ఇథాక్సిలేటెడ్ సర్ఫాక్టెంట్లు వేడికి నీళ్లను వదులుకుని నూనె వైపు మొగ్గుతాయి, దాంతో స్పష్టంగా ఉండే ప్రాంతమే పక్కకు జరుగుతుంది. మేలో గీసిన డయాగ్రమ్ డిసెంబరులో పనికిరాలేదంటే కారణం చాలాసార్లు ఇదే.

మొదలుపెట్టడానికి ఒక ఫార్ములా, 50 గ్రాములకు:

కర్కుమిన్ 0.25 గ్రా.
కాప్రియోల్ 90: 4 గ్రా.
ట్వీన్ 80: 12 గ్రా.
ట్రాన్స్‌క్యుటాల్ పీ: 6 గ్రా.
బీహెచ్‌టీ (ఆక్సిజన్ నుంచి కాపాడేది) 0.05 గ్రా.
డిస్టిల్డ్ వాటర్ 27.7 గ్రా.

అన్నీ తూకమే, కొలత సిలిండర్లు పక్కన పెట్టండి. నీళ్లు తప్ప మిగతావన్నీ బీకరులో తీసుకుని 40–45 డిగ్రీల దగ్గర అరగంట కలపండి, 10 నిమిషాలు బాత్ సోనికేటర్‌లో ఉంచండి. తర్వాత 25 డిగ్రీలకు చల్లార్చి, ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. వేడిలో కరిగినట్టు కనిపించింది చల్లారాక సూదుల్లా బయటికి రావచ్చు. ఒక్క కరగని కణం మిగిలినా అది విత్తనమై వారంలో బ్యాచ్ మొత్తాన్ని స్ఫటికాలమయం చేస్తుంది. ఈ స్లైడ్ చూడకుండా ముందుకు పోవద్దు.

ఇప్పుడు 500–600 ఆర్‌పీఎం మీద తిప్పుతూ నిమిషానికి 1 మి.లీ. చొప్పున నీళ్లు పోయండి. కొంత దూరం వెళ్లాక ద్రావణం ఒక్కసారిగా చిక్కబడి స్టిర్రర్ మేగ్నెట్ ఆగిపోవచ్చు. పాడైందని పారబోయకండి, అది మధ్యలో వచ్చే ద్రవస్ఫటిక దశ. గాజుకడ్డీతో కలుపుతూ నీళ్లు పోస్తూ ఉంటే మళ్లీ పలచబడి, వెలుగుకు పెడితే అంచుల్లో నీలి ఛాయ కనిపిస్తుంది. అప్పుడు చుక్కలు చిన్నవయ్యాయని అర్థం.

ఫార్ములా ఎంత మందును పట్టగలదన్న కొలత ఇక్కడే చేయాలి. ఇదే ఫార్ములాను కర్కుమిన్ లేకుండా చేసి, అందులో అధికంగా పొడి వేసి, 72 గంటల తర్వాత ఎంత పట్టిందో చూడండి. గ్రాముకు 6.5 నుంచి 7 మి.గ్రా. పడితే మనం నింపిన 5 మి.గ్రా. సరైన స్థాయిలో ఉన్నట్టే. 15 పడితే సంతోషపడొద్దు. ట్వీన్, ట్రాన్స్‌క్యుటాల్ తగ్గించి మళ్లీ చేయండి. 5.5 మాత్రమే పడితే మందు తగ్గించండి. గైడ్ 1 శాతం జెల్ కావాలంటే తొందరపడి ఒప్పుకోకండి, ముందు ఈ అంకె చూపించండి.

చుక్కల సైజును డీఎల్‌ఎస్‌లో (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి సైజు చెప్పే మిషన్) కొలిచేటప్పుడు నీళ్లతో 100 రెట్లు పలుచన చేయండి. 633 నానోమీటర్ల లేజర్ ఉన్న మిషన్ అయితే కర్కుమిన్ రంగు అడ్డురాదు. పీడీఐ (చుక్కల సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) 0.3 లోపు ఉండాలి. అయితే డీఎల్‌ఎస్ మంచి అంకె ఇచ్చిందని స్ఫటికాలు లేవనుకోవద్దు. పెద్ద సూదులు క్యువెట్ అడుగుకు దిగిపోతాయి, లేజర్‌కు కనపడవు. పోలరైజ్డ్ మైక్రోస్కోప్‌కు చీకట్లో దీపాల్లా కనపడతాయి.

జెల్ బేస్

ఇంకో 50 గ్రాములు: కార్బోపాల్ 980 ఒక గ్రాము, ప్రొపైలిన్ గ్లైకాల్ 2.5 గ్రా., ఫినాక్సీఇథనాల్ 0.8 గ్రా., డైసోడియం ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచేది) 0.05 గ్రా., డిస్టిల్డ్ వాటర్ 40 గ్రా., ట్రైఎథనోలమైన్ (కార్బోపాల్ ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం) 20 శాతం ద్రావణం 4–5 గ్రా., మిగిలింది నీళ్లు.

చాలా కాలేజీల స్టోర్లలో ఇప్పటికీ 934, 940 గ్రేడులే దొరుకుతాయి. వాటి తయారీలో బెంజీన్ వాడతారు. అలాంటి కార్బోమర్లను మానుకోమని అమెరికా ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో మార్గదర్శకం ఇచ్చింది. ప్రాజెక్టు ఎప్పటికైనా ప్రోడక్టు కావాలనుకుంటే మొదటినుంచే 980 లేదా 974పీ తీసుకోండి, మధ్యలో గ్రేడు మారిస్తే చిక్కదనం లెక్కలన్నీ మళ్లీ చేయాలి.

నీళ్ల విషయంలో మొహమాటం వద్దు. హైదరాబాద్ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి, అవి కార్బోపాల్ గొలుసులను ముడుచుకుపోయేలా చేస్తాయి. నల్లా నీళ్లూ పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కార్బోపాల్‌కు తేమ పీల్చే గుణం ఉంది కాబట్టి వానాకాలం డబ్బా మూత తీసిపెట్టి తూకాలు వేస్తూ కూర్చోకండి. తేమెక్కిన పొడి తూకంలో ఒక గ్రామే చూపినా అందులో పాలిమర్ అంత ఉండదు.

పొడి వేసే పద్ధతి రాగిజావకు పిండి కలిపే పద్ధతే. ఒక్కసారిగా కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, వాటిని ఎంత తిప్పినా విడవు. ఈడీటీఏ ముందు నీళ్లలో కరిగించి, 800 ఆర్‌పీఎం మీద సుడి తిరుగుతుండగా జల్లెడలోంచి కొద్దికొద్దిగా చల్లండి. రాత్రంతా నానబెట్టండి. పొద్దున ప్రొపైలిన్ గ్లైకాల్‌లో ఫినాక్సీఇథనాల్ కలిపి వేయండి.

ట్రైఎథనోలమైన్ చుక్కచుక్కగా, నెమ్మదిగా తిప్పుతూ. ఒక గ్రాము కార్బోపాల్ పూర్తిగా తటస్థం కావడానికి సుమారు 1.5 గ్రాముల ట్రైఎథనోలమైన్ పడుతుంది. మనకు 5.5 నుంచి 6 చాలు, కాబట్టి గ్రాము లోపే ఆగిపోతుంది. జెల్‌లో పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ గుచ్చి నిలకడపడేదాకా రెండు నిమిషాలు ఆగండి. గట్టి జెల్‌లో రీడింగ్ ఆలస్యంగా వస్తుంది. తొందరపడి ఇంకో చుక్క వేసినవాళ్లే 7 దాటిస్తారు. ఈ దశ నుంచి వేగంగా తిప్పే మిక్సర్ వాడొద్దు, గొలుసులు తెగుతాయి, గాలి బుడగలు చిక్కుకుంటాయి.

కలిపే క్రమం

జెల్‌ను ముందు తటస్థం చేశాకే నానోఎమల్షన్ కలపాలి. క్రమం తిప్పితే ఏమవుతుందో ఒకసారి కావాలని చేసి చూడండి. కర్కుమిన్ కలిసిన, తటస్థం చేయని కార్బోపాల్‌లో ట్రైఎథనోలమైన్ చుక్క వేయగానే అది పడ్డచోట ఎర్రటి చార గీసినట్టు వస్తుంది, దిష్టినీళ్ల రంగు. కలుపుతుంటే చార చెదిరి మళ్లీ పసుపవుతుంది, అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ చారలో పీహెచ్ 8 దాటిన కొన్ని నిమిషాల్లో విరిగిన కర్కుమిన్ తిరిగి రాదు. ఎస్సే (మందు ఎంత ఉందన్న కొలత) 100 శాతం రావాల్సిన చోట తగ్గి వస్తుంది, కారణం ఎక్కడా దొరకదు.

నానోఎమల్షన్‌ను జెల్ మీద మూడు విడతలుగా పోస్తూ 100–150 ఆర్‌పీఎం మీద యాంకర్ బ్లేడుతో కలపండి. కలిపాక జెల్ మీరు అనుకున్నదానికంటే పలచబడుతుంది. సగానికి సగం నానోఎమల్షన్ చేరినందుకే కాదు, ట్వీన్‌లోని పాలీఆక్సీఇథిలీన్ గొలుసులు కార్బోపాల్ కార్బాక్సిల్ గుంపులతో ముడిపడతాయి. అందుకే చివరి ఫార్ములాలో 1 శాతం కార్బోపాల్ ఉంచాం, మామూలు జెల్‌కు 0.5 చాలేది. చిక్కదనం కోసం ఉప్పులు, బఫర్లు వేయకండి, ఇంకా కూలుతుంది. బుడగలు పోవడానికి రాత్రంతా 25 డిగ్రీల దగ్గర మూతపెట్టి ఉంచండి. చిక్కదనం, పీహెచ్ కూడా 24 గంటల తర్వాతే కొలవాలి.

పైన, మధ్య, అడుగున ఒక్కో గ్రాము తీసి ఎస్సే చేయండి. గ్రాములో 2.5 మి.గ్రా. ఉండాలి. 50 మి.లీ. ఫ్లాస్కులో మిథనాల్‌తో 15 నిమిషాలు సోనికేట్ చేసి, మార్కు దాకా నింపి, సెంట్రిఫ్యూజ్ చేసి, 1 మి.లీ.ను 10కి పలుచన చేస్తే 5 మైక్రోగ్రాములు, మన పాత 0.8 దగ్గరికే వస్తుంది. మిథనాల్‌లో కార్బోపాల్ తెల్లటి పోగుల్లా విడిపోతుంది. ఆ పోగులు పసుపుగా ఉంటే మందు ఇంకా లోపలే చిక్కుకుంది, రెండోసారి తీయాలి.

ఫ్రాంజ్ సెల్

అసలు పరీక్ష ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదటి తప్పు రిసెప్టార్ ద్రవం, అంటే చర్మం కింద ఉండి దిగిన మందును అందుకునే ద్రవం. అలవాటు ప్రకారం పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్ నింపేస్తారు. అందులో కర్కుమిన్ కరగదు, కరిగిన కాస్తా అరగంటలో విరిగిపోతుంది. గ్రాఫు పైకెక్కి కిందికి దిగడం మొదలవుతుంది. మొత్తంగా దిగిన మందు తగ్గడమనేది ఉండదు, గ్రాఫు దిగిందంటే మీ ద్రవం మందును తినేస్తోందని అర్థం. పీహెచ్ 5.5 బఫర్‌లో 1 శాతం ట్వీన్ 80, లేదా 30 శాతం ఇథనాల్ వాడండి. ఇథనాల్ 50 దాటితే చర్మమే దెబ్బతింటుంది. ముందే ఆ ద్రవంలో ద్రావణీయత కొలిచి, ప్రయోగం చివరికి కూడా గాఢత అందులో పదో వంతు దాటకుండా చూసుకోండి. ఆ ద్రవంలో కర్కుమిన్‌ను 37 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి ఎంత మిగిలిందో కూడా చూడాలి, ఈ పరీక్ష లేని 24 గంటల డేటాకు విలువ లేదు.

రెండోది చర్మం. డయాలిసిస్ పొర మందు జెల్‌ను వదులుతుందా అన్నంతవరకే చెబుతుంది. పంది చెవి చర్మం మనిషి చర్మానికి దగ్గర. మన ఊళ్లో తేలిగ్గా దొరికేది మేక చెవి. కానీ మటన్ దుకాణాల్లో తలకాయ, కాళ్లు మంటతో కాల్చి ఇస్తారు, ఆ చెవి మీద అడ్డుపొర అనేదే మిగలదు. జియాగూడ వైపు గానీ, మీ దగ్గర్లోని కబేళా దగ్గర గానీ ముందురోజే చెప్పి, తెల్లవారుజామున కాల్చని, వేడినీళ్లలో ముంచని చెవులు తీసుకోండి. ఐస్ పెట్టెలో తెచ్చి, చల్లటి నీళ్లతో కడిగి, వెంట్రుకలు కత్తెరతో కత్తిరించండి. గొరగొద్దు. వెనకవైపు చర్మాన్ని మృదులాస్థి నుంచి ఒలిచి, కొవ్వు గీకి, ఫాయిల్‌లో చుట్టి మైనస్ 20లో పెట్టండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించవద్దు. సెల్‌లో బిగించాక విద్యుత్ నిరోధం కొలిచి, మిగతావాటికంటే బాగా తక్కువ చూపిన ముక్కను పక్కన పెట్టండి. కనపడని గాటు ఒక్కటి ఉన్నా అందులోంచి వచ్చిన మందు సగటును పాడుచేస్తుంది. ఒక్కో ఫార్ములాకు ఆరు సెల్స్, ఒకే జంతువు చర్మమంతా ఒకే ఫార్ములాకు పోకుండా పంచండి. చర్మం వాడే ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ నియమం కనుక్కోండి.

మూడోది ఉష్ణోగ్రత, బుడగలు. జాకెట్‌లో తిరిగే నీళ్లు 37 ఉన్నా మనకు కావాల్సింది చర్మం పైభాగం 32 డిగ్రీలు. రిసెప్టార్ ద్రవాన్ని ముందుగా వేడిచేసి గాలి తీసేయండి. లేదంటే గంటకల్లా చర్మం కింద బుడగ చేరుతుంది, ఆ భాగంలో ఏదీ దిగదు. సెల్‌ను పక్కకు వంచితే బుడగ శాంపిల్ చేయి వైపు పోతుంది.

పైన జెల్ 300 మి.గ్రా. వేసి 0.5, 1, 2, 4, 6, 8, 24 గంటలకు 0.5 మి.లీ. తీసి అంతే కొత్త ద్రవం పోయండి. తీసేసిన మందును లెక్కలో తిరిగి కలపడం మరవొద్దు: ఇప్పటి గాఢతను రిసెప్టార్ పరిమాణంతో గుణించి, అంతకుముందు తీసిన ప్రతి శాంపిల్ గాఢతను 0.5తో గుణించి కూడాలి. నేరుగా ఉన్న భాగం వాలును వైశాల్యంతో భాగిస్తే ఫ్లక్స్, అంటే చర్మం దాటి మందు దిగే వేగం.

పక్కన రెండు కంట్రోల్స్ తప్పనిసరి. ఒకటి మందు లేని జెల్. రెండోది అంతే కర్కుమిన్‌ను కరిగించకుండా పొడిగా కలిపిన కార్బోపాల్ జెల్. వీలైతే మూడోది: అంతే మందు, రెట్టింపు ట్వీన్, ట్రాన్స్‌క్యుటాల్. మందు జెల్‌కు ఎంత అంటిపెట్టుకుంటోందో ఈ మూడోదే చూపిస్తుంది.

24 గంటల తర్వాత రిసెప్టార్‌లో మందు తక్కువుందని నిరాశపడకండి. వాపుకో, మొటిమకో, సోరియాసిస్ మచ్చకో రాసే జెల్‌కు రక్తంలోకి చేరడం గురి కాదు, చర్మంలో నిలవడమే గురి. పైన మిగిలిన జెల్‌ను తడి దూదితో తుడిచి, టేపు అంటించి 15 సార్లు పీకండి. మొదటి రెండు టేపుల మీదున్నది చర్మం పైన మిగిలిన జెల్లే, పక్కన పెట్టండి. మిగతా టేపులది స్ట్రాటమ్ కార్నియం. టేపు తీశాక మిగిలిన చర్మాన్ని సన్నగా తరిగి మిథనాల్‌లో రాత్రంతా ఉంచి తీసిందే మీకు కావాల్సిన అంకె. పైన తుడిచినది, టేపులు, చర్మం, రిసెప్టార్ అన్నీ కూడితే వేసినదాంట్లో 90–110 శాతం రావాలి. 70 వస్తే ఎక్కడో విరిగిపోతోంది, లేదా ఎక్కడో వదిలేస్తున్నారు.

నిలవ

మొదట తొందర పరీక్షలు: 4, 45 డిగ్రీల మధ్య 48 గంటల చొప్పున ఆరు విడతలు, ఆపై 3,500 ఆర్‌పీఎం మీద అరగంట సెంట్రిఫ్యూజ్. ప్రతి విడత తర్వాత స్లైడ్ మీద చూడండి. 4 డిగ్రీల దగ్గర సూదులు కనిపిస్తే మందు ఎక్కువైంది. 45 దగ్గర పలచబడి, చల్లారినా తేరుకోకపోతే సర్ఫాక్టెంట్ ఎక్కువైంది. రంగు ముదిరి గోధుమలోకి తిరిగితే పీహెచ్, గాలి, ఇనుము ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఇవి దాటాక 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు, 30 డిగ్రీల దగ్గర దీర్ఘకాలం.

ప్రిజర్వేటివ్ గురించి ఒక హెచ్చరిక. పారాబెన్లను ట్వీన్ 80 తన మైసెల్లలోకి (సర్ఫాక్టెంట్ అణువుల గుంపుల్లోకి) లాగేసుకుంటుంది, నీళ్లలో పనిచేసేంత మిగలదు. ఫినాక్సీఇథనాల్ నీళ్లలో ఎక్కువ ఉంటుంది కాబట్టి దానికి నష్టం తక్కువ, కానీ అసలు లేదనుకోవద్దు. సూక్ష్మజీవులు వేసి చూసే ఛాలెంజ్ టెస్ట్ చేయకుండా 0.8 శాతం సరిపోతుందని ప్రకటించకండి.

ప్యాకింగ్‌కు లోపల లాకర్ పూసిన అల్యూమినియం ట్యూబు మంచిది, వెలుగూ గాలీ రెండూ ఆగుతాయి. పారదర్శక ప్లాస్టిక్ డబ్బా చూడ్డానికి బాగుంటుంది, నెలకే గోడకు ఆనిన జెల్ వెలిసిపోతుంది. దుస్తులకు మరక అంటుతుందని లేబుల్ మీద రాయాల్సిందే. మరక అసలు వద్దంటే రంగులేని టెట్రాహైడ్రోకర్కుమిన్ ఉంది, కానీ అది వేరే అణువు, ద్రావణీయత వయల్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మనుషుల చేతి మీద రాసి చూడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, స్నేహితుల మీద సరదాకు కూడా వద్దు, ట్వీన్, ట్రాన్స్‌క్యుటాల్ కలిసి కొందరికి చర్మం మండిస్తాయి. అమ్మాలంటే అల్లోపతి అయినా ఆయుర్వేదం అయినా డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్, 1940 కింద తయారీ లైసెన్సు ఉండాలి. ఆ దరఖాస్తుకు అడిగే బ్యాచ్ రికార్డుల కోసం మొదటి బ్యాచ్ నుంచే తూకాలు, ఉష్ణోగ్రతలు, వేసిన ట్రైఎథనోలమైన్ చుక్కల బరువు, స్లైడ్ ఫోటోలు తేదీలతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించండి.